ముసుగు ధరించిన సందేశం – విద్యుత్ వ్యవస్థల రక్షణ
(ప్రసంగ పాఠం)



2015 డిసెంబరు 23వ తేదీ సాయంకాలం. పశ్చిమ ఉక్రెయిన్‌లోని విద్యుత్ నియంత్రణ కేంద్రంలో ఉద్యోగులు చూస్తుండగానే తెరమీది బాణపు గుర్తు తనంత తాను కదలసాగింది. సబ్‌స్టేషన్లలోని బ్రేకర్లు ఒక్కొక్కటే తెరుచుకున్నాయి. మూడు పంపిణీ సంస్థల పరిధిలో సుమారు 2,25,000 మంది వినియోగదారులకు కొన్ని గంటలసేపు విద్యుత్తు నిలిచిపోయింది. గాలివాన లేదు, తీగ తెగలేదు. నెలల ముందే ఈ-మెయిలుకు జతపరచిన పత్రం ద్వారా కంప్యూటర్లలో ప్రవేశించిన ఆగంతకులు, అపహరించిన సంకేతపదాలతో, ఉద్యోగుల కోసం ఏర్పరచిన గుప్తమార్గం గుండానే లోనికి వచ్చారు.

ఇచ్చటనే ధర్మసంకటం ఉన్నది. సందేశాన్ని గూఢలిపిలో పంపడం రక్షణ కొరకే. కాని ఆ ముసుగే దొంగకూ ఆశ్రయమవుతుంది. తాళపుచెవులన్నీ ఒకచోట చేర్చి ప్రతి సందేశాన్నీ విప్పి చూద్దామంటే, ఆ చోటే దొంగకు గురి అవుతుంది. మిల్లీసెకన్లలో చేరవలసిన రక్షణ సంకేతాలు ఆ జాప్యాన్ని సహించవు.

అంటించిన కవరును విప్పకుండానే పోస్టుమాను దాని చిరునామా, బరువు, తపాలా ముద్ర గమనించగలడు. అదేవిధంగా సందేశాల పరిమాణం, వాటి నడుమ వ్యవధి, రాకపోకల దిశ బయటికి కనిపిస్తూనే ఉంటాయి. సంభాషణ ప్రారంభించే యంత్రం తనకు తెలిసిన గూఢలిపి పద్ధతుల పట్టికను సాధారణంగా బాహాటంగానే పంపుతుంది. 2017లో వెలువడిన జేఏ3 పద్ధతి ఆ పట్టికనే వేలిముద్రగా స్వీకరించింది. అయితే వేలిముద్రను అనుకరించే నేర్పరులూ లేకపోలేదు.

విద్యుత్ వ్యవస్థకు ఒక సౌలభ్యం ఉన్నది. నియంత్రణ కేంద్రం సబ్‌స్టేషన్లను నిర్ణీత వ్యవధిలో పలకరిస్తూ ఉంటుంది. ఆ లయ ప్రతిదినమూ ఒక్కటే. అపరిచిత యంత్రంతో కొత్త సంభాషణ, వేళకాని వేళ సుదీర్ఘమైన రాకపోక ఆ లయలో అపశ్రుతిగా వినబడుతుంది. కాని తుపాను రాత్రి నిజమైన ఉద్యోగుల పనితీరు సైతం లయ తప్పుతుంది. కనుక హెచ్చరిక యంత్రానిదైనా, నిర్ణయం వ్యవస్థ నెరిగిన మనిషిదే కావాలి.

ఉక్రెయిన్ ఉద్యోగులు నాడు స్వయంగా సబ్‌స్టేషన్లకు వెళ్లి, బ్రేకర్లను చేతితో మూసి దీపాలు వెలిగించారు. విద్యార్థులారా, కంప్యూటరు విద్య నేర్వండి. దానితోపాటు ఆ చేతిపనినీ మరువకండి. రెండూ ఉన్నచోటనే వెలుగు నిలుస్తుంది.