దిమ్మె మీద ఎవరి పేరు?

(అంబేద్కర్ విగ్రహం తరలింపు మీద రెండు పల్లెల వాళ్లం కలిసి పెట్టుకున్న సభలో చేసిన ప్రసంగ పాఠం)

 

పొద్దంతా పనులు చేసి, కాళ్లు కూడా కడుక్కోకుండా వచ్చి కూర్చున్నారు. అందుకని సూటిగా మాట్లాడుకుందాం. రోడ్డు వెడల్పు చేస్తారంట. మన విగ్రహం దిమ్మె ఆ కొలతలోకి మూడడుగులు వస్తుందంట. ఒక నాయకుడు ముందుకొచ్చి, "ఆ సిమెంటు బొమ్మ తీసెయ్యండి, పన్నెండడుగుల కంచు విగ్రహం నేను పెట్టిస్తాను, జాగా కూడా నేనే చూపిస్తాను" అన్నాడు. మరి పాతదాన్ని ఏం చేద్దామయ్యా అంటే "కాలవలో కలిపెయ్యండి" అన్నాడు. మన కుర్రాళ్లలో కొందరు బాగుందన్నారు. ముసలాళ్లు కళ్లనీళ్లు పెట్టుకున్నారు. మాకు ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

దేశానికి పునాది వేసినవాళ్లని చెప్పుకునే మనుషుల విగ్రహాలను కాపాడుకోవాలా? కాపాడితే ఏం కాపాడినట్టు? సిమెంటునా, కంచునా, ఆ మనిషి చెప్పిన మాటనా, దాన్ని నిలబెట్టినవాళ్ల కష్టాన్నా? ఇది మన పల్లె తగువే కాదు. ఢిల్లీలోనూ ఇదే తగువు, హైదరాబాదులోనూ ఇదే తగువు.

ముందు మన విగ్రహం కథ మన పిల్లలకు తెలియాలి.

1990లో బాబాసాహెబుకు భారతరత్న ఇచ్చారు. ఆయన పోయిన 34 ఏళ్లకు! రాజ్యాంగ రచనా సంఘానికి అధ్యక్షుడైన మనిషికి ఆ బిరుదు ఇవ్వడానికి ఈ అగ్రకుల పాలకులకు అంతకాలం పట్టింది. మరుసటి ఏడు శతజయంతి. అప్పుడు మేం ఐదో తరగతి పిల్లలం. తెనాలి శిల్పుల దగ్గర చేయించే స్తోమత మనకు లేదు. మన తాపీమేస్త్రి తాత క్యాలెండరు బొమ్మను గోడకు తగిలించుకుని, ఇనుప చువ్వలు కట్టి, సిమెంటు మెత్తి తనే చేశాడు. ముక్కు కాస్త లావైంది. ఎడమ చెయ్యి కుడిచేతి కంటే బెత్తెడు పొడుగైంది. "బాబాసాహెబు మన మేస్త్రి మేనమామ మల్లే ఉన్నాడే" అని ఆడవాళ్లు నవ్వారు. నవ్వి, మిరపకాయ కోతల కూలి డబ్బుల్లోంచి రోజుకో రూపాయి తీసి ఇచ్చారు. మేం పిల్లలం కాలవ నుంచి బిందెలతో నీళ్లు మోశాం.

జాగా ఎక్కడన్న దాని మీద వారం రోజులు మాటలు నడిచాయి. ఇటు మాలపల్లె, అటు మాదిగపల్లె. ఎవరి వాకిట్లో పెట్టినా రెండోవాళ్లది కాకుండా పోతుందని, రెండు బాటలు కలిసే చోట పెట్టారు. ఎత్తిన వేలు తమ వైపు చూపిస్తోందని ఊళ్లో పెద్దలు గొడవ చేశారు. వేలు కాస్త పక్కకు తిప్పితే పోయేదేముంది అని పోలీసులు కూడా వచ్చి చెప్పారు. మనవాళ్లు తిప్పలేదు. నెలరోజులు వంతులు వేసుకుని, లాంతర్లు పెట్టుకుని, విగ్రహం చుట్టూ పడుకున్నారు.

ఆ ఏడే ఆగస్టు 6న చుండూరులో మనవాళ్లను ఎనిమిది మందిని చంపారు. ఆ వార్త వచ్చినప్పుడు రెండు పల్లెలూ ఎక్కడ గుమికూడాయి? ఇక్కడే. అంతకుముందు మనకు గుడి అరుగు లేదు, రచ్చబండ లేదు, నలుగురం కూర్చుని మాట్లాడుకునే చోటంటూ లేదు. ఈ దిమ్మే మన రచ్చబండ అయింది. కూలి రేటు ఇక్కడే అనుకున్నాం. పిల్లలను బడికి పంపాలని ఇక్కడే ఒట్టు పెట్టుకున్నాం. మా డిగ్రీ పట్టా ఇంటికొచ్చిన రోజు అక్షరం ముక్క రాని మా అమ్మ దాన్ని తెచ్చి మొదట పెట్టింది ఈ దిమ్మె మీదే.

చుండూరువాళ్లు తమవాళ్లను ఊరి నడుమ పూడ్చుకుని, ఆ చోటుకు రక్తక్షేత్రం అని పేరు పెట్టుకున్నారు. 2007లో ప్రత్యేక కోర్టు 21 మందికి యావజ్జీవ శిక్ష వేసింది. 2014లో హైకోర్టు అందరినీ నిర్దోషులని వదిలేసింది. కోర్టు కాగితం తిరగబడింది. ఆ సమాధులు మాత్రం అక్కడే ఉండి జరిగింది చెబుతున్నాయి. స్మారకం అంటే అదీ. మన చరిత్రను కాగితాల మీద రాసిపెట్టినవాళ్లు తక్కువ. మన మట్టీ మన సిమెంటే మన దస్తావేజులు. దస్తావేజును ఎవరైనా కాలవలో కలుపుతారా?

"పెద్ద విగ్రహం వస్తే మనకు గౌరవం గదా సార్" అని మా దగ్గర చదువుకున్న కుర్రాడే అడిగాడు. న్యాయమైన ప్రశ్నే. 2023 ఏప్రిల్ 14న హైదరాబాదులో 125 అడుగుల విగ్రహం ఆవిష్కరించారు. 2024 జనవరిలో విజయవాడ స్వరాజ్ మైదానంలో 81 అడుగుల పీఠం మీద 125 అడుగుల విగ్రహం వచ్చింది. చూస్తే మాకూ గుండె ఉప్పొంగింది, అబద్ధమెందుకు? కాని రెండు సంగతులు మరవకూడదు. అదే హైదరాబాదులో, 2019లో జయంతి ముంగిట, పంజగుట్టలో జనం పెట్టుకున్న విగ్రహాన్ని అనుమతి లేదని తీసేస్తే అది జవహర్‌నగర్ చెత్త యార్డు దాకా పోయింది. విజయవాడలో 2024 ఆగస్టులో, ఆ విగ్రహం కట్టించిన ముఖ్యమంత్రి పేరులోని అక్షరాలు రాత్రికి రాత్రి పీకేశారని రగడ లేచింది. ఆ రగడలో కూలి లేదు, భూమి లేదు, బడి లేదు. ఎవరి పేరు ఉండాలన్నదే గొడవ. బాబాసాహెబు కాళ్ల కింద తమ పేరు చెక్కించుకోవాలని పాలకులకు ఆత్రం. పాలకులు పెట్టిన విగ్రహానికి పాలకులే యజమానులు. జనం పెట్టుకున్నదానికి జనం యజమానులు. తేడా అడుగుల్లో లేదు.

"విగ్రహాలతో కూడొస్తుందా?" అని అడిగే మేధావులూ ఉన్నారు. కూడు రాదు. కాని ఉత్త సిమెంటే అయితే దాని మీద వాళ్లకంత కసి ఎందుకు? 1997 జూలై 11న బొంబాయి రమాబాయి నగర్‌లో బాబాసాహెబు విగ్రహానికి చెప్పుల దండ వేశారు. అదేమని అడిగిన జనం మీద పోలీసులు కాల్పులు జరిపితే పదిమంది చనిపోయారు. 2022 మేలో కోనసీమ జిల్లాకు ఆయన పేరు కలపబోతేనే అమలాపురంలో మంత్రి ఇల్లు, ఎమ్మెల్యే ఇల్లు తగలబెట్టారు. విగ్రహం మన ఉనికికి గుర్తని మన కంటే వాళ్లకే బాగా తెలుసు.

మరి మనకు బాకీ పడ్డ పెద్దల విగ్రహాల సంగతేమిటి? పంచాయతీ ఆఫీసు ముందు గాంధీ ఉన్నాడు. 1932లో మనకు దక్కిన ప్రత్యేక నియోజకవర్గాలు ఆయన నిరాహారదీక్షతో, సెప్టెంబరు 24న పూనా ఒడంబడికతో పోయాయి. ఆ గాయం మానలేదు. అయితే ఆ విగ్రహం పడగొడదామా? ఘనా దేశంలో ఒక విశ్వవిద్యాలయంలో 2016లో మన రాష్ట్రపతి గాంధీ విగ్రహం ఆవిష్కరించాడు. దక్షిణాఫ్రికాలో ఉన్న తొలి రోజుల్లో నల్లవాళ్లను చిన్నచూపు చూస్తూ ఆయన రాసిన రాతలు బయటపెట్టి, అక్కడి అధ్యాపకులు సంతకాలు సేకరించి, వాదించారు. 2018 డిసెంబరులో దాన్ని తీసేశారు. వాళ్ల ప్రాంగణం, వాళ్ల ఆత్మగౌరవం, ఆ హక్కు వాళ్లది. మనం నేర్చుకోవాల్సింది వాదించే పద్ధతి. చీకట్లో పగలగొట్టేవాళ్ల చేతుల్లో దెబ్బతిన్నవాళ్లం మనం. ఆ పని మనం చెయ్యకూడదు. గాంధీ ఉండనీ. పక్కన ఒక పలక పెట్టి పూనా ఒడంబడిక ఏమిటో రాయమందాం. పొగడ్త ఒక్కటే చెక్కిన రాయి సగం చరిత్రే చెబుతుంది.

మనువు సంగతి వేరు. జైపూరులో రాజస్థాన్ హైకోర్టు ఆవరణలో 1989లో మనువు విగ్రహం పెట్టారు. తీసెయ్యాలని ఆ ఏడే జడ్జీలు తీర్మానించినా, కేసు పడి ఆగిపోయింది. ఆయన దేశానికి పునాది వేసినవాడు కాదు, మన వీపుల మీద పునాది వేసినవాడు. రాజ్యాంగం ప్రకారం తీర్పు చెప్పే చోట ఆ బొమ్మకేం పని? మ్యూజియంలో పెట్టండి, మన గురించి ఏం రాశాడో పక్కనే రాయండి.

పార్లమెంటులో బాబాసాహెబు విగ్రహం 1967లో పెట్టారు. 2024 జూన్‌లో గాంధీ విగ్రహంతో పాటు దాన్నీ తీసి, ప్రేరణాస్థల్ అని ఒక చోట అన్ని విగ్రహాలతో కలిపి పెట్టారు. చూడవచ్చినవాళ్లకు సౌకర్యం అన్నారు. సభ్యులు ధర్నాలు చేసే చోటు నుంచి తప్పించారని ప్రతిపక్షాలు అన్నాయి. విగ్రహం మీద గీత కూడా పడలేదు. కాని చోటు మారింది. చోటు మారితే అర్థం మారుతుంది. ఇప్పుడు మన నాయకుడు చూపిస్తున్న జాగా ఎక్కడ? ఒక పల్లె లోపల, వాటర్ ట్యాంకు వెనక. ఆడ పెడితే ఊరికి కనపడదు. రెండో పల్లెకు సొంతం కాదు. మన పెద్దలు వారం రోజులు మాట్లాడి కలిపినదాన్ని ఒక్క పూటలో విడదీసినట్టవుతుంది.

ఇంకో సంగతి. రోడ్ల మీద, పేవ్‌మెంట్ల మీద కొత్త విగ్రహాలకు అనుమతి ఇవ్వకూడదని 2013 జనవరిలో సుప్రీంకోర్టు చెప్పింది. పాతది మన చేతులతో మనం తీసేసి, కొత్తదానికి ఇక్కడే అనుమతి అడిగితే వస్తుందా? పాతదీ పోయి కొత్తదీ రాకపోతే ఎవరిని అడుగుతాం?

అట్లాగని బాబాసాహెబును దేవుణ్ణి చేసి పాలాభిషేకాలు చేద్దామని మేం అనడం లేదు. రాజకీయాల్లో భక్తి పతనానికీ నియంతృత్వానికీ దారి తీస్తుందని 1949 నవంబరు 25న రాజ్యాంగ సభలో ఆయనే హెచ్చరించాడు. నీళ్లలో కలపడం దేవుళ్ల బొమ్మలకు. ఈయన మనిషి. మనకు లెక్క చెప్పిన మనిషి, మనల్ని లెక్క అడగమన్న మనిషి.

ఆ లెక్క మన మీద కూడా ఉంది. ఆ దిమ్మె మీద రాసిన పేర్లు ఎప్పుడైనా చదివారా? కమిటీవాళ్లవి పదకొండు పేర్లు. పదకొండూ మగవాళ్లవే. రోజుకో రూపాయి ఇచ్చిన ఒక్క తల్లి పేరు లేదు. సిమెంటు కలిపిన చేతుల పేరూ లేదు. పై కులాలవాళ్లు మన పేరు తీసేశారని అరుస్తాం. మరి ఇది ఎవరు తీశారు? మనమే.

అందుకని సభ ముందు మా ప్రతిపాదనలు ఇవి.

ఒకటి. విగ్రహం ఈ బాటల దగ్గరే ఉండాలి. రోడ్డు మనకూ కావాలి గనక దిమ్మెను మూడడుగులు వెనక్కి జరుపుకుందాం. ఆ సంగతి ఆర్ అండ్ బి వాళ్ల దగ్గర రాతపూర్వకంగా తీసుకున్నాకే గడ్డపార పట్టాలి.

రెండు. పగుళ్లు పూడ్చి రంగు వేద్దాం. ముక్కు మాత్రం సరిచెయ్యొద్దు. అది మన మేస్త్రి తాత చెయ్యి.

మూడు. దిమ్మె మీద కొత్త పలక పెట్టి, డబ్బులిచ్చిన ఆడవాళ్ల పేర్లు రాద్దాం. బతికున్నవాళ్లను అడిగి, మన హైస్కూలు పిల్లలే జాబితా తయారు చెయ్యాలి.

నాలుగు. ఆ నాయకుడికి మర్యాదగానే చెబుదాం. అయ్యా, నిజంగా ఇవ్వాలనుంటే కంచు డబ్బులతో పక్కన ఒక చదువుల గది కట్టించు. నీ పేరు లెక్కల పుస్తకంలో రాసుకుంటాం, దిమ్మె మీద కాదు.

ఐదు. గాంధీ విగ్రహం దగ్గర పలక గురించి వచ్చే గ్రామసభలో తీర్మానం అడుగుదాం. ఒప్పుకోకపోయినా, అడిగినట్టు పుస్తకంలో రాయిద్దాం.

మేస్త్రి తాత ఇప్పుడు లేడు. లాంతరు పట్టుకుని పడుకున్నవాళ్లలో నలుగురైదుగురు ముందు వరసలో కూర్చున్నారు. తమ్ముళ్లారా, చేతులెత్తే ముందు ఒక్కసారి వాళ్ల మొహాలు చూడండి. ఆనాడు ఎంతమంది బెదిరించినా వాళ్లు తిప్పని ఆ వేలు ఇవాళ కూడా ఎటు ఉందో చూడండి. చూసి చెప్పండి.

జై భీమ్!