విత్తనాల కవరు మీద పేరు

(మన బడి స్వర్ణోత్సవ సభలో 1994 పదో తరగతి బ్యాచ్ పూర్వ విద్యార్థిని చేసిన ప్రసంగ పాఠం)

 

సంఘం వాళ్ళు ఫోన్ చేసి, "నువ్వు యూట్యూబ్‌లో మిద్దె తోట వీడియోలు చేస్తావు కదా, సోషల్ మీడియా గురించి పిల్లలకు నాలుగు మాటలు చెప్పు" అన్నారు. సబ్‌స్క్రైబర్లను పెంచుకునే కిటుకులు చెబుతాననుకొని కొందరు పిల్లలు నోటుపుస్తకాలు కూడా తెచ్చుకున్నారు. అవి చెప్పేవాళ్ళు చాలామంది ఉన్నారు. నేను ఇంకో సంగతి చెబుతాను. మనలాగే వీడియోలు చేసేవాళ్ళతో, రాసేవాళ్ళతో, బొమ్మలు గీసేవాళ్ళతో స్నేహం ఎట్లా కుదురుతుంది, ఎట్లా నిలుస్తుంది అని. ఈ విషయంలో నేను ఒకసారి పెద్ద తప్పు చేశాను. ఆ తప్పు చెప్పకుండా మిగతాది చెబితే మీరు నమ్మరు, నమ్మకూడదు కూడా.

నేను హైదరాబాద్‌లో ఉద్యోగం చేస్తాను. 2017లో మా మిద్దె మీద ఇరవై కుండీలతో తోట మొదలుపెట్టాను. అంతకు ముందు యేడు సెప్టెంబర్‌లో జియో వచ్చి నెట్ చవకైంది. అందరి చేతుల్లో వీడియోలు ఆడుతున్నాయి. నేనూ ఫోన్‌తో తీసి పెట్టడం మొదలుపెట్టాను. మొదటి వీడియోను పదకొండు మంది చూశారు. అందులో ఆరుగురు మా ఇంటివాళ్ళే.

ఆ రోజుల్లో నాకు సొరకాయ కాసేది కాదు. తీగ మిద్దెంతా పాకేది, పూలు పూసేది, పిందె పట్టి పసుపు పచ్చగా మారి రాలిపోయేది. గుమ్మడికి చేసినట్టే పొద్దున ఆఫీసుకు పోయే ముందు మగపువ్వు తెంపి ఆడపువ్వుకు అద్దేదాన్ని. అయినా లాభం లేదు. అప్పుడు వరంగల్ దగ్గరి పల్లె నుంచి వీడియోలు చేసే ఒక అమ్మాయి నా వీడియో కింద రాసింది. "అక్కా, గుమ్మడి పువ్వు తెల్లవారుజామున విచ్చుకుంటుంది. సొర పువ్వు పొద్దుగూకంగ విచ్చుకుంటుంది. నువ్వు అద్దేసరికి అది వాడిపోయిన పువ్వు. సాయంత్రం దీపం పెట్టే వేళకు అద్ది చూడు" అని. చూశాను. మూడో వారానికి మోచేతి పొడుగు కాయ దిగింది.

అప్పటి నుంచి మేమిద్దరం రోజూ మాట్లాడుకునేవాళ్ళం. విత్తనం కల్తీ కాకుండా ఉండాలంటే ఆ సాయంత్రం విచ్చుకోబోయే మగ, ఆడ మొగ్గలకు ముందే గుడ్డ సంచి కట్టాలని, అద్దిన తర్వాత ఆడపువ్వుకు మళ్ళీ కట్టి ఆ కాయకు గుర్తుగా దారం చుట్టాలని చెప్పింది. పోస్టులో విత్తనాలు కూడా పంపింది. నేను ఇవన్నీ కలిపి ఒక వీడియో చేశాను. అది బాగా నడిచింది. నా ఛానెల్ నిలబడింది ఆ వీడియోతోనే. అందులో "నేను కనిపెట్టిన చిట్కా" అన్నాను. ఆమె పేరు ఎక్కడా లేదు. కావాలని దాచానా అంటే, లేదు. గుర్తు రాలేదా అంటే, వచ్చింది. "మనం మనం ఒకటే కదా, ఏమనుకుంటుందిలే" అనుకున్నాను.

ఆమె ఏమీ అనలేదు. గొడవ పెట్టలేదు. నా వీడియోల కింద ఆమె మాట కనిపించడం మాత్రం ఆగిపోయింది. అప్పటికే నాకు వందల కామెంట్లు వస్తున్నాయి. అందులో ఒక్కటి తగ్గితే తెలుస్తుందా? నాలుగు నెలలు నాకు తెలియలేదు. ఈ మాట చెప్పడానికి ఇప్పటికీ సిగ్గుగా ఉంటుంది.

తెలిసిన రోజు ఫోన్ చేశాను. "పేరు కోసం కాదక్కా" అంది. "పొద్దుగూకంగ అద్దాలని నాకు నేర్పింది మా అత్తమ్మ. ఆమె పోయిన నెలలోనే నీ వీడియో వచ్చింది. ఆమె చెప్పిన మాట నీ నోట విన్న, నువ్వు కనిపెట్టినవని విన్న. మళ్ళ చూడబుద్ధి కాలేదు" అంది.

పిల్లలూ, మాటకు ఒక ఊరు, ఒక మనిషి ఉంటారు. వాళ్ళ పేరు తీసేసి వాడుకుంటే అది అరువు కాదు, దొంగతనం. లెక్కల పరీక్షలో పక్కవాడి పేపర్ చూసి రాస్తే సార్ చెవి మెలిపెట్టేవారు. ఫోన్‌లో ఆ పని చేస్తే లైకులు వస్తున్నాయి. అంతే తేడా.

ఆ రాత్రే వీడియో కింద వివరంలో ఆమె పేరు, వాళ్ళ అత్తమ్మ పేరు రాశాను. అదే మాటను కామెంట్లలో అన్నిటికన్నా పైన ఉండేట్టు పిన్ చేశాను. అయినా వీడియోలోని నా గొంతు మారలేదు కదా. అందుకని ఆదివారం బస్సెక్కి వాళ్ళ ఊరికి పోయాను. ఆ పెద్దమ్మ పెట్టిన పందిరి కిందే కూర్చొని, చిట్కా ఎవరిదో, నేను ఏం తప్పు చేశానో నా నోటితో చెప్పి ఇంకో వీడియో చేశాను. దాన్ని మొదటి వీడియో చూసినంత మంది చూడలేదు. ఆమె చూసింది, అది చాలు.

ఇక ఈ ఎనిమిదేళ్ళలో నేను నేర్చుకున్నవి చెబుతాను.

ఛానెల్ పెట్టిన కొత్తలో అందరికీ ఒకటే తొందర. ప్రకటనల ఆదాయం రావాలంటే 1000 మంది సబ్‌స్క్రైబర్లు, యేడాదిలో 4000 గంటల వీక్షణ ఉండాలని యూట్యూబ్ 2018లో నిబంధన పెట్టింది. దాంతో "నన్ను నువ్వు సబ్‌స్క్రైబ్ చెయ్యి, నిన్ను నేను చేస్తా" అనే గ్రూపులు పుట్టాయి. నేనూ ఒక గ్రూపులో చేరాను. అంకె పెరిగింది, చూసేవాళ్ళు పెరగలేదు. వాళ్ళకు నా బెండ మొక్కలతో పనిలేదు, నాకు వాళ్ళ బైకు రిపేరుతో పనిలేదు. పైగా ఇట్లాంటి ఇచ్చిపుచ్చుకోవడం యూట్యూబ్ నిబంధనలకే విరుద్ధం. సంతలో పరిచయాలు బోలెడు అవుతాయి. వాటిలో ఎన్ని ఇంటిదాకా వస్తాయి?

నిజమైన పరిచయం ఒక్క మంచి కామెంటుతో మొదలవుతుంది. "సూపర్", "నైస్" అని అందరి కిందా రాసేవాళ్ళను ఎవరూ గుర్తుపెట్టుకోరు. వీడియో మొత్తం చూసి, "మీరు పాత ప్లాస్టిక్ డ్రమ్ముకు అడుగున కాకుండా పక్కన రంధ్రం పెట్టారు, ఎందుకు?" అని అడిగితే, ఆ మనిషి రెండు పేరాలు జవాబిస్తాడు. మన పనిని ఒకరు శ్రద్ధగా చూశారన్న సంతోషం ఎవరికైనా ఒకటే.

రెండోది, అవసరం లేనప్పుడు పలకరించడం. ఆరు నెలలు మాట్లాడకుండా ఉండి, ఏడో నెలలో "మా వీడియో కొంచెం షేర్ చేయండి" అనేవాళ్ళు మనందరికీ తెలుసు. ఎన్నికలప్పుడు వచ్చే నాయకుడిని మనం ఎట్లా చూస్తామో వాళ్ళనూ అట్లాగే చూస్తాం.

మూడోది, మెప్పు నలుగురిలో, తప్పు చాటుగా. కట్టె బూడిద ఎంత వేసినా మొక్కకు మంచిదేనని నేను ఒక వీడియోలో చెప్పాను. శ్రీకాకుళం వైపు నుంచి మిద్దె తోట వీడియోలు చేసే ఒక మాస్టారు అది చూశారు. కామెంట్లలో నన్ను కడిగేయవచ్చు, చూసేవాళ్ళకు వినోదంగా ఉండేది. ఆయన ఫోన్ చేసి, "అమ్మా, బూడిదకు క్షారగుణం ఉంటుంది. ఎక్కువైతే మట్టి చెడిపోతుంది, గుప్పెడు చాలని చెప్పండి" అన్నారు. వెంటనే సరిదిద్దుకున్నాను. ఆయనా నేనూ ఇప్పటికీ పోట్లాడుకునేది ఒక్క విషయం మీదే. ఆయనది ఆనపకాయ, మాది ఆనిగెపుకాయ, పుస్తకంలో సొరకాయ!

నాలుగోది డబ్బు. ఇద్దరు కలిసి వీడియో చేసేటప్పుడు అది ఎవరి ఛానెల్‌లో వస్తుంది, వచ్చిన ఆదాయం ఎవరిది, ఎవరైనా కంపెనీ డబ్బులిస్తే ఆ సంగతి వీడియోలో ఎట్లా చెప్పాలి, ఇవన్నీ కెమెరా ఆన్ చేయకముందే మాట్లాడుకోండి. డబ్బు తీసుకున్న వీడియోకు ప్రకటన అని స్పష్టంగా రాయాలని మన దేశంలో ప్రకటనల ప్రమాణాల మండలి 2021లోనే నియమాలు పెట్టింది. స్నేహంలో లెక్కలేమిటని మొహమాటపడితే, తర్వాత లెక్క తేలదు, స్నేహమూ మిగలదు.

ఇవన్నీ ఎందుకు అవసరమో 2020 జూన్ 29న నాకు తెలిసింది. ఆ రోజు కేంద్ర ప్రభుత్వం టిక్‌టాక్‌తో కలిపి 59 యాప్‌లను నిషేధించింది. కుండీల మొక్కల మీద నిమిషం వీడియోలు చేసే ఒక తమ్ముడు ఉండేవాడు. ఖమ్మం పిల్లవాడు. రెండేళ్ళ కష్టం, లక్షల మంది ఫాలోవర్లు, ఒక్క రాత్రిలో ఏమీ లేకుండా పోయింది. "అక్కా, నన్ను చూసేవాళ్ళు ఎక్కడున్నారో నాకే తెలవదు, వాళ్ళకు చెప్పుకునే దారి లేదు" అని ఏడ్చాడు. కానీ ఆ పిల్లవాడు ఆ రెండేళ్ళలో ఎవరి దగ్గర ఏం నేర్చుకున్నా వాళ్ళ పేరు చెప్పేవాడు. కొత్తగా మొదలుపెట్టిన వాళ్ళను తన వీడియోల్లో చూపించేవాడు. అందుకే అతను యూట్యూబ్‌లో మొదటి వీడియో పెట్టిన రోజు, మేం పన్నెండు మందిమి ఎవరి ఛానెల్‌లో వాళ్ళం "మా తమ్ముడు ఇక్కడికి వచ్చాడు" అని చెప్పాం. ఎవరూ ఎవరినీ అడగలేదు. మళ్ళీ నిలదొక్కుకోవడానికి యేడాది పట్టింది, కానీ నిలదొక్కుకున్నాడు. ఫాలోవర్లు యాప్‌తో పాటు పోయారు. స్నేహితులు ఫోన్ నంబర్లలో మిగిలారు.

ఇది కొత్త నీతి కూడా కాదు. మన తెలుగు సార్ తొమ్మిదో తరగతిలో చెప్పారు, నాకు బాగా గుర్తు. తెలంగాణలో కవులే లేరన్న మాట వచ్చినప్పుడు సురవరం ప్రతాపరెడ్డి గారు దానికి తిట్టుతో జవాబివ్వలేదు. ఊరూరి కవుల నుంచి పద్యాలు, వివరాలు తెప్పించి, 354 మంది కవులతో 1934లో గోలకొండ కవుల సంచిక వేశారు. ఆయన చేతిలో పత్రిక ఉంది. దాన్నిండా తన రాతలే నింపుకోవచ్చు. పేరు తెలియని ఇతరులకు చోటిచ్చారు. తొంభై యేళ్ళు దాటినా ఆ సంచిక పేరుతో పాటు ఆయన పేరు నిలిచే ఉంది. మన చేతిలోని ఫోన్ కూడా చిన్న పత్రికే. అందులో పక్కవాళ్ళకు ఎంత చోటిస్తున్నామో ఎవరికి వాళ్ళం చూసుకోవాలి.

మన సార్లు, టీచర్లలో కూడా కొందరు పాఠాల వీడియోలు చేస్తున్నారు. మీకు నేను చెప్పగలిగేదాన్ని కాదు. ఒక్క మనవి. పిల్లలకు వీడియో తీయడం నేర్పేటప్పుడు, చివర "ఇది నాకు ఎవరు నేర్పారు" అనే ఒక్క వాక్యం చెప్పడం కూడా నేర్పండి. తక్కినవి వాళ్ళే నేర్చుకుంటారు.

చివరగా, ఎవరైనా ఉన్నట్టుండి కనిపించడం మానేస్తే, కారణం ఊహించుకోకుండా ఒక ఫోన్ చేయండి. ఒంట్లో బాగుండకపోవచ్చు, ఇంట్లో కష్టం ఉండవచ్చు. లేదంటే నా కథలో లాగా, తప్పు మనదే కావచ్చు. నేను నాలుగు నెలలు ఆలస్యం చేశాను. మీరు నాలుగు రోజులకే చేయండి.

మన రోజుల్లో పని అనుభవం పీరియడ్‌లో బోరు పక్కన కూరగాయల మడులు పెట్టించేవారు. పొద్దున వచ్చి చూశాను, ఆ జాగా ఇంకా ఖాళీగానే ఉంది. నా సంచిలో యాభై కవర్లు ఉన్నాయి. అన్నీ ఆ వరంగల్ చెల్లెలు పంపిన సొర విత్తనాలు. ప్రతి కవరు మీద వాళ్ళ అత్తమ్మ పేరు రాసి పంపింది. ఇక్కడ విత్తండి, పొద్దుగూకంగ పువ్వు అద్దండి, విత్తనం కట్టి ఇంకొకరికి ఇవ్వండి. ఇచ్చేటప్పుడు కవరు మీద ఆ పేరు మాత్రం మళ్ళీ రాయండి.