బ్రిడ్జి క్లాసంటే నామోషీ వద్దు



జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి తండాల నుంచి, గూడేల నుంచి ఈ ఏడు కాలేజీల్లో చేరుతున్న తమ్ముళ్లకు, చెల్లెళ్లకు ఒక్క సంగతి చెప్పాలని వచ్చాం.

కొన్ని కాలేజీల్లో చేరగానే చిన్న పరీక్ష పెడతారు. ఇంగ్లీషు, లెక్కలు ఎంత వచ్చో చూసి, మార్కులు తక్కువొచ్చిన వాళ్లను బ్రిడ్జి క్లాసులో కూర్చోబెడతారు. మన పిల్లలు కొందరు అక్కడే కాలేజీ మానేస్తున్నారు. మా హాస్టల్లో ఒకమ్మాయి, తెలుగు మీడియంలో ఎప్పుడూ ముందుండేది, ఆ లిస్టులో తన పేరు చూసి "మళ్లీ పదో తరగతిలో వేశారు మేడమ్" అని పది రోజులు గది దాటలేదు. ఆ తర్వాత మిరప కోతలకు ఇంటికి పోతానంది. ఎంతో నచ్చజెప్పి పంపాల్సి వచ్చింది.

మనకు ఇంట్లో లంబాడీ, లేదంటే కోయ. బడిలో తెలుగు. డిగ్రీలో ఇంగ్లీషు. మూడో భాషలో పెట్టిన పరీక్షలో ఇరవైకి ఆరొస్తే, అది ఆ భాష ఎంత వచ్చో చెప్పే లెక్క. అంతకుమించి దానికి విలువ ఇవ్వకండి.

ఐఐటీల్లోనూ ఇలాంటిది ఉంది. జేఈఈ అడ్వాన్స్‌డ్‌లో కటాఫ్ అందక ఎస్టీ సీట్లు మిగిలితే, కొంతమందిని ఏడాది ప్రిపరేటరీ కోర్సుకు తీసుకుంటారు. ఫిజిక్స్, కెమిస్ట్రీ, లెక్కలు మళ్లీ చెబుతారు. అది పాసైతే మళ్లీ జేఈఈ రాయకుండానే బీటెక్‌లో చేరొచ్చు. "ఒక ఏడాది పోతుంది" అని ఆ అవకాశం వదులుకోవడం మాకైతే తెలివితక్కువ పనే అనిపిస్తుంది. కాలేజీల్లో ఎస్సీ, ఎస్టీ పిల్లలకు విడిగా పాఠాలు చెప్పించడానికి యూజీసీ కూడా పంచవర్ష ప్రణాళికల కాలంలో రెమెడియల్ కోచింగ్ పేరుతో నిధులిచ్చింది. మన పేరు మీద వచ్చిన సొమ్ము అది.

ఇంటర్‌లో ఒకేషనల్ చదివినవాళ్ల సంగతి వేరు. వాళ్లు ఎప్‌సెట్ వైపు పోవాలంటే ఇంటర్ బోర్డు బ్రిడ్జి కోర్సు పరీక్ష కూడా పాసవ్వాలి. ఫీజు గడువు దాటాక హాస్టల్‌కు పరుగెత్తుకొస్తే మేమేం చేయలేం.

చేరిన మొదటి వారమే ఆఫీసులో అడగండి: ఈ క్లాసుకు క్రెడిట్లు ఉన్నాయా, తప్పితే సెమిస్టర్ ఆగుతుందా, దీని హాజరు స్కాలర్‌షిప్ హాజరులో కలుస్తుందా అని. జవాబు కాగితం మీద రాయించుకోండి. ఒక్కరే వెళ్లడానికి బెరుకుగా ఉంటే ఇద్దరు కలిసి వెళ్లండి. లేదంటే మమ్మల్ని పిలవండి, వస్తాం.