రెండు దొరతనాల మధ్య యానాం ఆడపిల్ల

(యానాంలో మహిళా కార్యకర్తల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



ఫ్రెంచివాళ్లు నయమా, ఇంగ్లీషువాళ్లు నయమా అనే ప్రశ్న మన గోదావరి జిల్లాల్లో ఇప్పటికీ వినపడుతుంది. ఒకరు స్వేచ్ఛ, సమానత్వం అన్నారనీ, ఇంకొకరు చట్టబద్ధ పాలన తెచ్చారనీ చెబుతారు. ఈ ప్రశ్నను ఆడవాళ్ల వైపు నుంచి ఒకసారి చూద్దామని నా ప్రయత్నం.

ఐరోపావాళ్లందరూ ఈ తీరానికి మొదట వచ్చింది మన నేతబట్ట కోసమే. డచ్చివాళ్లు పాలకొల్లు, జగన్నాథపురాల్లో దిగారు. ఇంగ్లీషువాళ్లు నరసాపురం దగ్గర మాధవాయపాలెంలోనూ, యానాం పక్కనే ఉన్న ఇంజరంలోనూ గిడ్డంగులు పెట్టారు. మాధవాయపాలెం పేరు వాళ్ల నోట్లో ‘మదపొల్లం’ అయి, చివరికి ఒక రకం బట్టకే పేరైంది. ఫ్రెంచివాళ్లు 1723లో యానాం వచ్చి, కొన్నాళ్లకు వదిలేసి, 1731లో మళ్లీ స్థిరపడ్డారు. ఆ బట్టకు నూలు వడికిన చేతులు ఎక్కువగా ఆడవాళ్లవి. వాళ్ల పేర్లు ఏ కంపెనీ లెక్కల్లోనూ లేవు.

తర్వాత దారులు వేరయ్యాయి. 1753లో ఉత్తర సర్కార్లు ఫ్రెంచివాళ్ల చేతికి వచ్చాయి. 1758లో చందుర్తి యుద్ధంలో ఓడి, మరుసటి ఏడు బందరు కూడా పోగొట్టుకున్నారు. ఇంగ్లీషువాళ్లు వ్యాపారం నుంచి శిస్తు వసూలుకు ఎదిగారు. డచ్చివాళ్ల స్థావరాలు 1825లో వాళ్లకే దక్కాయి. ఫ్రెంచివాళ్లకు ఈ డెల్టాలో యానాం ఒక్కటే మిగిలింది. ఒకరికి దేశమంత రాజ్యం, ఒకరికి రేవంత ఊరు. తేడా నిజమే. అయితే ఇద్దరికీ మనుషుల్ని ఎగుమతి చెయ్యడం మాత్రం తెలుసు.

1828లో రీయూనియన్ దీవి చెరకు తోటలకు పదిహేనుమంది తెలుగు కూలీలను ఓడ ఎక్కించింది ఈ యానాం నుంచే. బానిసత్వాన్ని రద్దు చేస్తూ ఇంగ్లండు 1833లో చట్టం చేసింది. ఫ్రాన్సు 1848లో రద్దు చేసింది. బానిసల చోటికి ఒప్పంద కూలీలు వచ్చారు. యుద్ధాల్లో శత్రువులైన ఈ ఇద్దరూ 1860లో ఒప్పందం రాసుకుని, ఇంగ్లీషు ఇండియా కూలీలను ఫ్రెంచి తోటలకు పంపడానికి సిద్ధపడ్డారు. ఇంగ్లీషు వలసల్లో నూరుమంది మగవాళ్లకు నలభైమంది ఆడవాళ్లుండాలని నిబంధన పెట్టారు. అంటే స్త్రీ అక్కడ మనిషిగా కాదు, నిష్పత్తిగా లెక్కకొచ్చింది.

ఇక ఇంటి లోపలి సంగతి. మతాచారాల జోలికి రామని ఇద్దరూ మాట ఇచ్చారు. వారెన్ హేస్టింగ్స్ 1772లో, ఫ్రెంచి ప్రభుత్వం 1819లో, కుటుంబ వ్యవహారాలను ఎవరి ధర్మం ప్రకారం వాళ్లకే వదిలేశారు. పన్నులో జోక్యం చేసుకున్నవాళ్లు పసుపు తాడు దగ్గర ఆగిపోయారు. ఫ్రాన్సులో కూడా 1804 నాటి సివిల్ కోడ్ భార్య భర్తకు విధేయురాలిగా ఉండాలంది. అక్కడి స్త్రీలకు ఓటు వచ్చింది 1944లో.

మన స్త్రీల, సంస్కర్తల ఒత్తిడి మీద బ్రిటిష్ ఇండియాలో శారదా చట్టం వచ్చింది. 1929లో చేశారు, 1930 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చింది. ఆడపిల్లకు పద్నాలుగు, మగపిల్లవాడికి పద్దెనిమిది ఏళ్లు నిండాలి. మీకందరికీ తెలిసిన కథే ఆ తర్వాతది. ఆ చట్టం యానాంలో చెల్లదు. ఇంగ్లీషు హద్దు దాటి, పడవలెక్కి, బళ్లెక్కి, పెళ్లివారు ఇక్కడికి బారులు తీరారు. యానాంకు ‘కల్యాణపురం’ అని పేరొచ్చింది. ముద్దుపేరుగా చెప్పుకుంటాం గాని, ఆ పీటల మీద కూర్చున్న పిల్లలకు అది ఎలాంటి ఊరో ఆలోచించండి.

ఆ చట్టం కూడా బలహీనమైనదే. శిక్ష నెల రోజుల సాధారణ జైలు, లేదా వెయ్యి రూపాయల వరకూ జుర్మానా, లేదా రెండూ. జరిగిన పెళ్లి మాత్రం చెల్లుతుంది. ఫిర్యాదు ఏడాది లోపు చెయ్యాలి. పదేళ్ల పిల్ల ఎవరి మీద, ఏ కచేరీకి వెళ్లి ఫిర్యాదు చేస్తుంది? ఒక దొరతనం చట్టం చేసి అమలు మరిచింది. ఇంకొకటి చట్టమే చెయ్యలేదు. ఈ సందులోంచి దాటింది మన ఇంటి పెద్దలు. ఆ మాట ఒప్పుకోకుండా పరాయివాళ్లను మాత్రమే తిట్టడం నిజాయితీ కాదు.

1954 జూన్ 13న యానాం విముక్తమైంది. ఇప్పుడు రెండు వైపులా ఒకే చట్టం. 2006 చట్టం ప్రకారం పిల్లకు పద్దెనిమిది నిండాలి. మైనరుగా పెళ్లయినవాళ్లు మేజరయ్యాక రెండేళ్ల లోపు ఆ పెళ్లి రద్దు కోరవచ్చు. అయినా 2019-21 కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో ఇరవై నుంచి ఇరవైనాలుగేళ్ల స్త్రీలలో నూటికి ఇరవైతొమ్మిదిమందికి పద్దెనిమిది నిండకముందే పెళ్లయింది. దేశం మొత్తం మీద ఇరవైమూడు. ఇప్పుడు హద్దు దాటనవసరం లేదు. ఊళ్లోనే జరిగిపోతోంది.

అందుకని నాది ఒక్క విన్నపం. యానాం పుదుచ్చేరి కింద ఉంది, చుట్టూ ఆంధ్రప్రదేశ్. అధికారులు వేరు, కార్యాలయాలు వేరు. ఒకరి మీద ఒకరు నెట్టేసుకునే వీలు ఇంకా ఉంది. హద్దుకు ఇటూ అటూ ఉన్న మన సంఘాలు కలిసి, చదువు మానేసిన ఆడపిల్లల జాబితా ఉమ్మడిగా పెట్టుకుందాం. పెళ్లి మాట వినపడగానే రెండు వైపుల బాల్యవివాహ నిరోధక అధికారులకూ, 1098కీ చెబుదాం. ఆ పాత సందును మనమే మూసెయ్యాలి.