పాపికొండల అడవి, మన కాలవ నీరు

తాడేపల్లిగూడెం మీదుగా ఏలూరు వచ్చే కాలవ నీళ్లు గోదారివని మనందరికీ తెలుసు. ఆ కాలవ మొదలయ్యే విజ్జేశ్వరం చేరకముందు గోదారి పాపికొండల మధ్య ఇరుకు దారిలో ఒదిగి పారుతుంది. ఆ కొండల్నీ అడవినీ 1978లో అభయారణ్యంగా, 2008లో జాతీయ ఉద్యానంగా ప్రకటించారు. విస్తీర్ణం 1,012 చదరపు కిలోమీటర్ల పైచిలుకు.

ఏలూరు నుంచి జంగారెడ్డిగూడెం దాటి, బుట్టాయగూడెం వైపు వెళ్తే పొలాలు వెనకబడి అడవి మొదలవుతుంది. లోపల పెద్దపులి, చిరుత, ఎలుగుబంటి ఉన్నాయి. నాకు మాత్రం అడవిదున్నే గొప్ప. ఒళ్లంతా నలుపు, మోకాళ్ల కింద తెల్లని మేజోళ్లు తొడిగినట్టుంటుంది. అంత బరువుతోనూ కొండవాలు చకచకా ఎక్కేస్తుంది.

ఇక్కడి గిరిజనులైన కొండరెడ్లు వెదురు కొమ్ములు వండుకుంటారు, జీలుగు చెట్టు నుంచి కల్లు దించుతారు, చింతపండు సంతకు తెస్తారు. అడవిని కాపాడటమంటే వాళ్లను బయటికి పంపేయడం కాకూడదు. అడవి నిలిస్తే మన కాలవకూ మేలే: వానాకాలంలో ఆ కొండల మీది చెట్ల వేళ్లు మట్టిని పట్టి ఉంచుతాయి. చెట్లు పోతే ఆ మట్టంతా కొట్టుకొచ్చి నదిలోకే దిగుతుంది. ఈసారి పడవెక్కి పాపికొండలు చూడబోయేవాళ్లు, దయచేసి మీ ప్లాస్టిక్ సీసాలు, విస్తళ్లు మీతోనే వెనక్కి తెచ్చేయండి.