తొలకరి నాడు నేల విడుచు ఊపిరి

వేసవి యంతయు ఎండి బీటలువారిన బీడుమీద తొలకరి జల్లు పడిన సాయంకాలమును మరువగలవారెవరు? నాలుగు చినుకులు రాలునో లేదో, కమ్మని మట్టివాసన వీధి దాటి ఇంటిలోనికి వచ్చును. అట్టివేళ మా నాయనమ్మ అరుగుమీద కూర్చుండి, “నేల ఊపిరి విడిచిందిరా” అనుచుండెడిది. చిన్నతనమున నేనది మాటవరుసకు అన్నదే అనుకొంటిని. అది కొలతకు అందు సత్యమని చదువుకొన్న పిమ్మటగాని తెలియలేదు.

ఆ వాసనకు ముఖ్యకారణమైన పదార్థమునకు 1965లో శాస్త్రజ్ఞులు జియోస్మిన్ అని పేరు పెట్టిరి. దానిని తయారుచేయునవి మట్టిలోని సూక్ష్మజీవులు. తొలివాన తడికి మేల్కొని ఆ జీవులు విడుచు ఊపిరికి మాత్రము వాసన లేదు. అది బొగ్గుపులుసు వాయువు, అనగా కార్బన్ డై ఆక్సైడు.

మన్ను నిర్జీవమని అనుకొనుట పొరపాటు. గడ్డివేళ్లు, బాక్టీరియా, బూజులు, పురుగులు మట్టిలో జీవించుచు, ప్రాణవాయువును గ్రహించి బొగ్గుపులుసు వాయువును విడుచుచుండును. చచ్చిన వేరు, రాలిన ఆకు వీటికి ఆహారము. భూగోళముపై మీటరు లోతువరకు గల మట్టిలోని జీవపదార్థమున ఇంచుమించు 1,50,000 కోట్ల టన్నుల కర్బనము నిలువయున్నదని అంచనా. గాలిలో నున్న కర్బనముకంటె ఇది ఒకటిన్నర రెట్లకు పైబడినది. ఇంత నిలువనుండి ఏటేట ఎంత వెలికివచ్చును, ఎంత తిరిగి చేరును అనుటపై మన వాతావరణ భవిష్యత్తు కొంత ఆధారపడి యున్నది.

ఈ లెక్క అనగానే అడవులు గుర్తుకు వచ్చును. కాని భూభాగములో సుమారు నూటికి 40 వంతులు మెట్టప్రాంతమే. ఆఫ్రికా సవన్నాలు, మధ్య ఆసియా స్టెప్పీలు, అమెరికా ప్రెయిరీలు, మన దక్కను బీళ్లు ఇందులోనివే. తడినేల శ్వాసవలె ఇచటి నేల శ్వాస ఏడాది పొడుగున సాగదు. ఎండకాలమున దాదాపు ఆగిపోవును. వాన పడగనే ఒక్కుమ్మడిగా ఎగయును.

దీనిని చక్కగా పరిశీలించి చెప్పినవాడు హెచ్. ఎఫ్. బర్చ్. ఆయన తూర్పు ఆఫ్రికాలోని కెన్యాలో పనిచేయుచు, ఎండిన మట్టిని తడిపి, దానినుండి వెలువడు వాయువును కొలిచెను. తడి తగిలిన కొద్ది గంటలలో వాయువు ఉప్పెనవలె వచ్చి, కొన్ని దినములలో తగ్గిపోయెను. అదే మట్టిని మరల ఎండబెట్టి మరల తడుపగా మరల వచ్చెను. 1958లో ప్రచురింపబడిన ఈ విషయమును శాస్త్రలోకము నేడు బర్చ్ ప్రభావమని పిలుచుచున్నది.

కారణమేమి? ఎండకు కొన్ని సూక్ష్మజీవులు చచ్చును, కొన్ని నిద్రాణమగును. వాన పడినప్పుడు మట్టిగడ్డలు విచ్చి, వాటిలో దాగిన జీవపదార్థము బయటపడును. చచ్చినవాటి శరీరములు బ్రదికినవాటికి విందగును. ఈ విందులో కర్బనము గాలిలో కలియగా, నత్రజని మట్టిలో విడుదలయగును. తొలకరి పదును పోకముందే విత్తనము వేయవలెనని తొందరపడు రైతుకు ఈ నత్రజనియు ఒక లాభమే.

ఇచట గమనింపదగిన సంగతి యొకటి కలదు. చిరుజల్లు పైమట్టిని మాత్రమే తడుపును. సూక్ష్మజీవులు మేల్కొనుటకు అది చాలును. గడ్డి చిగుర్చుటకు చాలదు. కనుక నేలకు అప్పుడు ఖర్చేగాని రాబడి లేదు. మంచి వాన కురిసి తడి వేళ్లకు దిగినప్పుడే గడ్డి పచ్చబడి, బొగ్గుపులుసు వాయువును గాలినుండి గ్రహించి, ఆ బాకీ తీర్చును. ఏడాదిలో కురిసిన మొత్తము వాన ఒకటే అయినను, అది ఏ విధముగ కురిసెననుదానినిబట్టి జమాఖర్చులు మారును.

ఆ బాకీ తీర్చవలసినది గడ్డి. గడ్డి తన సంపదలో పెద్దపాలు నేలక్రిందనే దాచుకొనును. పైన మేసినను, కాలినను వేరు నిలిచియుండును. నాగలి వేసి ఆ వేరును పెళ్లగించినచో నిలువ కరగిపోవును. అమెరికా ప్రెయిరీలను దున్నిన పిమ్మట కొన్ని దశాబ్దములలో పైమట్టిలోని జీవపదార్థము మూడవవంతు మొదలు సగము వరకు తరిగినది. 1930 దశకములో అచట దుమ్ముతుపానులు చెలరేగినవి. 1954లో సోవియట్ ప్రభుత్వము కజక్‌స్తాన్ స్టెప్పీలను దున్నింప మొదలిడగా, కొన్నేండ్లకు అచటను మన్ను గాలికి లేచిపోయినది.

మన సంగతి చూతము. నంద్యాల జిల్లాలోని రోళ్లపాడు గడ్డిమైదానమును బట్టమేకపక్షి కొరకు 1988లో అభయారణ్యముగ ప్రకటించిరి. దాని వైశాల్యము సుమారు 6 చదరపు కిలోమీటర్లు మాత్రమే. అట్టి రక్షణ లేని బీళ్లు ఊరూరను కలవు. మా ఊరి చెరువు వెనుక మందబయలు ఒకటి యుండెడిది. కాగితములలో దాని పేరు బంజరు. నేను కళాశాలలో చదువుచుండగా దానిని దున్నివేసిరి. రెండు మూడేండ్లు పంట వచ్చినది, ఆపై రాలేదు. నాగలి మానివేసిరి, కాని పూర్వపు గడ్డి తిరిగి రాలేదు. గొఱ్ఱెలవారు మందలను అమ్ముకొని వలసపోయిరి.

1958లోనే హవాయిలోని మౌనా లోవా పర్వతముపై గాలిలోని బొగ్గుపులుసు వాయువును ఎడతెగక కొలుచుట ప్రారంభించిరి. అప్పుడది పదిలక్షల పాళ్లలో సుమారు 315. నేడు 420 దాటినది. ఈ పెరుగుదలకు ముఖ్యకారణము మనము కాల్చు బొగ్గు, నూనె; బీడు కాదు. అయినను బీడు దాచిన నిలువనుగూడ గాలిలో కలుపుట వివేకము కాదు.

ఈ యేడు తొలకరి జల్లు పడినప్పుడు మీ ఊరి బీడువైపు ఒకసారి పోయి చూడుడు. అచట గడ్డి యున్నచో, నేల విడిచిన ఊపిరిని తిరిగి పట్టుకొనువారు ఉన్నారన్నమాట. దానిని బంజరని వ్రాయుటకు ముందు గ్రామపెద్దలు ఈ సంగతి ఆలోచింతురుగాక.