ఆవిరిగొట్టము – నస్యపు బరిణె



నెల్లూరు తీరమున ముప్పదియైదేండ్లు బడిపంతులుగ నుండినవాడను. మొన్న నా మనుమని సంచిలో కలమువంటి గొట్టమొకటి కనబడెను. "ఇది పొగ కాదు తాతా, ఆవిరియే" యని వాడు నవ్వెను.

ఆ ఆవిరియందు సాధారణముగ నికోటిను కలదు. పొగాకునందుండి మనుజుని బానిసను జేయు విషమదియే. కావుననే భారత ప్రభుత్వము 2019 సెప్టెంబరు 18న ఆర్డినెన్సుచే, పిదప ఆ యేటనే పార్లమెంటు చట్టముచే, ఎలక్ట్రానిక్ సిగరెట్ల తయారీని, దిగుమతిని, అమ్మకమును, ప్రకటనను నిషేధించినది. పొగాకును కాల్చక వేడిచేసి పీల్చెడి సాధనములును ఇందు చేరినవే. తొలి నేరమునకు ఏడాది వరకు చెఱ, లేక లక్ష రూపాయల వరకు జరిమానా, లేక రెండును. మరల చేసినచో మూడేండ్ల వరకు చెఱయు, అయిదు లక్షల వరకు జరిమానాయు. నిలువచేయుటయు నేరమే.

ఇది వినిపింపగా మనుమడు, "మన కలిగిరిలో పొగాకు బహిరంగముగ వేలమగుచున్నది గదా! నీ చేతిలోని నస్యమేమి?" యనెను. నాకు మాట రాలేదు.

2003 నాటి చట్టము పదునెనిమిదేండ్లు నిండనివారికి పొగాకు అమ్మరాదనియు, విద్యాలయమునకు నూరు గజములలోపల అసలే అమ్మరాదనియు శాసించినది. పాత వ్యసనమును ఒక్కనాట పెఱుకలేకపోతిమి. అంతమాత్రమున క్రొత్తదానిని నాటనిత్తుమా?

అయినను, పీల్చువానికి వేఱుగ శిక్షను 2019 చట్టము చెప్పలేదు. అచ్చట దిద్దవలసినది ఇంటి పెద్ద. నేను బరిణె విడిచితిని. వాడు గొట్టము విడిచెను. పెద్దలారా, మీ చేతిలోని చుట్టను ఒకసారి చూచుకొనుడు.

సెలవు.